ఏడవని బిడ్డ ఇంటికొస్తే: దత్తత, ఫోస్టర్ తల్లిదండ్రులు బంధం పెంచుకునేది ఎలా?

శిశుగృహ నుంచి తెచ్చుకున్న పాపని చూడగానే చుట్టాలు అనే మాట దాదాపు ఒకటే. "ఎంత బుద్ధిమంతురాలో, అసలు ఏడుపే లేదు! ఎవరు చేయి చాపినా వచ్చేస్తోంది." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్ల కొత్త ఇంట్లో, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య ఏడవడం లేదంటే ఇల్లు నచ్చేసిందని అనుకోకండి. ఏడిస్తే తన కోసం ఒకరు వస్తారన్న నమ్మకం ఆ పిల్లకి ఇంకా లేకపోవచ్చు. ఇందులో ఆయాల తప్పేమీ లేదు. ఒక్కొక్కరి చేతికింద చాలామంది పిల్లలుంటారు, డ్యూటీలు మారుతుంటాయి, ఏడ్చిన ప్రతి బిడ్డనీ ఎత్తుకోవడం వాళ్ళవల్ల కాదు. కొన్నాళ్ళకి పిల్లలు అడగడమే మానేస్తారు.

మీరు చేయాల్సింది ఆ అడగడాన్ని తిరిగి మొదలుపెట్టించడం. ఇది జరిగే పనేనా అని భయపడకండి. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకి, అంటే దత్తత కాకుండా బిడ్డని తమ ఇంట్లో ఉంచుకుని పెంచే కుటుంబాలకి, పంపారు, మిగతావాళ్ళకి మామూలుగా ఉన్న ఏర్పాటే కొనసాగింది. మూడున్నరేళ్ళ వయసులో చూస్తే, కుటుంబాలకి వెళ్ళిన పిల్లల్లో దాదాపు సగం మంది తమను పెంచుతున్న మనిషి మీద గట్టి నమ్మకంతో ఉన్నారు. రెండో గుంపులో అలాంటివాళ్ళు ఐదో వంతు కూడా లేరు. రెండేళ్ళు నిండకముందే ఇంటికి వెళ్ళినవాళ్ళు మరింత బాగా కోలుకున్నారు. మీ బిడ్డకి రెండేళ్ళు దాటాయని దిగులు పడక్కర్లేదు, ఓపిక కాస్త ఎక్కువ కావాలి, అంతే.

తెచ్చుకోకముందే ఆయాని అడగండి

దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పేరు కారా. దాని పోర్టల్‌లో బిడ్డ వివరాలతోపాటే స్టడీ రిపోర్ట్, మెడికల్ రిపోర్ట్ వస్తాయి. మెడికల్ రిపోర్ట్‌ని మీకు తెలిసిన పిల్లల డాక్టర్‌కి చూపించుకోండి. అయితే రోజూ అవసరమయ్యే విషయాలు ఆ కాగితాల్లో ఉండవు, రాత్రి డ్యూటీ ఆయా దగ్గర ఉంటాయి. పాప అన్నం చేత్తో పెడితే తింటుందా, చెంచాతోనా? బోర్లా పడుకుంటుందా? లైటు వేసి ఉంచాలా? జోకొడితే నిద్రపోతుందా, ముట్టుకుంటే లేచిపోతుందా? దేనికి బెదురుతుంది? అక్కడ అందరూ ఏ పేరుతో పిలుస్తారు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరి దగ్గరికి పరుగెత్తుకెళ్తుంది? ఒక మనిషిని ఎంచుకుని వెళ్ళే పిల్లకి బంధం అంటే ఏమిటో కొంత తెలిసినట్టే. ఆ ఆయా గొంతుని, పాడే జోలని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆవిడతో పాప ఫొటో ఒకటి తీసుకోండి. తర్వాత చాలా ఏళ్ళపాటు అది పనికొస్తుంది.

బిడ్డ మన రాష్ట్రం నుంచే వస్తుందని లేదు. కారా దేశమంతటికీ ఒకటే కాబట్టి ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో రావచ్చు. తెలుగు చెవిన పడని పాపకి "ఇలా రా" అంటే ఏమీ తెలియదు. మరాఠీ విని పెరిగిన పాప "ఇకడే యే" అంటే తల తిప్పి చూస్తుంది. నీళ్ళు, అన్నం, పడుకో, ఎత్తుకోనా, నొప్పిగా ఉందా అనే నాలుగైదు మాటలు ఆ భాషలో నేర్చుకుని వెళ్ళండి. మొదట ఆ మాట, వెంటనే తెలుగు మాట. పిల్లలు చాలా త్వరగా అందుకుంటారు.

పాప అక్కడ వేసుకున్న గౌనో కప్పుకున్న దుప్పటో ఒకటి అడిగి తెచ్చుకోండి, ఉతకొద్దు. అంతకుముందే ఒకసారి వెళ్ళి చూసే వీలుంటే మీరు కట్టి విడిచిన పాత చీర ముక్క అక్కడ ఇచ్చి రండి. పసిపిల్లలు మనుషుల్ని వాసనతో కూడా గుర్తుపడతారు. పేరు మార్చాలనుకుంటే వెంటనే మార్చకండి. ఊరు, మంచం, అన్నం, మనుషులు అన్నీ మారిపోయిన వారంలో పాప తనదని గుర్తుపట్టేది ఆ ఒక్క పేరే. పాత పేరుకి కొత్తది జోడించి పిలుస్తూ మెల్లగా మారండి.

మొదటి నెలల్లో మనుషుల్ని తగ్గించండి

ఇది మన ఇళ్ళలో కష్టమైన పని. పిల్ల వచ్చిందంటే వీధంతా వస్తుంది. కానీ పాపకి ఇప్పుడు తేలాల్సింది ఒకే ప్రశ్న: వీళ్ళందరిలో నా మనిషి ఎవరు? దానికి జవాబు దొరకాలంటే అన్నం పెట్టేది, స్నానం చేయించేది, పడుకోబెట్టేది, దెబ్బ తగిలితే ఎత్తుకునేది అమ్మానాన్నలు మాత్రమే అవ్వాలి. ఒంటరి తల్లి అయితే తనతోపాటు ఇంకొక్కరు, అమ్మమ్మో పిన్నో, ఎప్పుడూ ఆ ఒక్కరే.

పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. "అత్తయ్యా, పాపకి అమ్మెవరో బాగా తెలిసేదాకా అన్నం నేనే తినిపిస్తాను. మీ చేత్తో వండిపెట్టండి, అదే నాకు పెద్ద సాయం." ఇలా పని అప్పగించి చెబితే చాలామంది నొచ్చుకోరు. "ముట్టుకోవద్దు" అంటే మాత్రం ఇంట్లో గొడవే. చూడటానికి వచ్చినవాళ్ళు పక్కన కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, ఒళ్ళోకి మాత్రం తీసుకోకూడదు. చాక్లెట్ తెస్తే మీ చేతికివ్వమనండి, పాపకి మీ చేతినుంచి అందాలి.

బారసాల, పుట్టువెంట్రుకలు కొన్ని నెలలు వాయిదా వేయండి. హాలు నిండా జనం, సన్నాయి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారడం, పైగా తల మీద కత్తి. ఇవన్నీ పాపకి భయాలే. దేవుడి మొక్కు ఆలస్యమైతే దేవుడేమీ అనుకోడు.

బయట ఎవరో తెలియనివాళ్ళ కాళ్ళు పట్టుకుని ఎత్తుకోమంటే "కలుపుగోలు పిల్ల" అని మురిసిపోవద్దు, కసరనూ వద్దు. కిందికి వంగి, "అంకుల్‌కి టాటా చెప్పి నాన్న దగ్గరికి రామ్మా" అని మీరే ఎత్తుకోండి. ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లు ఇదే చేయండి. ఎప్పుడో ఒకరోజు కొత్తవాళ్ళని చూసి మీ కొంగు చాటుకి నక్కుతుంది, మీరు వంటింట్లోకి వెళ్తే ఏడుస్తూ వెంటపడుతుంది. "బాగుండే పిల్ల మొండికేస్తోంది" అని బయటివాళ్ళు అనొచ్చు. మీరు మాత్రం సంతోషించండి.

అడగని అవసరాన్ని కనిపెట్టండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

రెండేళ్ళ పాప వరండాలో పరుగెడుతూ పడింది. మోకాలు గీసుకుపోయి రక్తం చిమ్మింది. మీవైపు చూడలేదు, ఏడవలేదు. లేచి గౌను దులుపుకుని, బొమ్మ వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. మామూలుగా అయితే "గట్టి పిల్ల" అని మనం మన పని చూసుకుంటాం. అలా వదిలేయకండి. చేతిలో పని పక్కనపెట్టి దగ్గరికి వెళ్ళండి, పాప ఎత్తుకి కూర్చోండి. "అయ్యో, దెబ్బ తగిలిందా తల్లీ? నొప్పిగా ఉంటుంది కదా, అమ్మ చూస్తుందిలే" అంటూ మోకాలు కడగండి, ఊదండి. పాప మొహం తిప్పుకోవచ్చు, చేయి తోసేయొచ్చు. అప్పుడు బలవంతంగా హత్తుకోవద్దు, విసుగుతో లేచి వెళ్ళిపోవద్దు. ఒక అడుగు దూరంలో అక్కడే కూర్చోండి. "నేనిక్కడే ఉన్నా" అనండి. చేయి నేలమీద చాపి ఉంచండి. పట్టుకోవాలా వద్దా అన్నది పాప ఇష్టం.

అమెరికాలో మేరీ డోజియర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫోస్టర్ పిల్లల ఇళ్ళకి మనుషుల్ని పంపి, పది సెషన్లలో తల్లిదండ్రులకి శిక్షణ ఇచ్చే పద్ధతి తయారుచేశారు. అందులో మొదటి పాఠం ఇదే. బిడ్డ తోసేస్తే పెద్దవాళ్ళు కూడా తెలియకుండానే వెనక్కి తగ్గుతారు. "దానికి నేను అక్కర్లేదు" అనుకుంటారు. ఇద్దరూ దూరమైపోతారు. ఆ చక్రాన్ని ఆపగలిగేది పెద్దవాళ్ళే. పాప తోసేసిందంటే మీరు వద్దని కాదు, ఓదార్పు ఎలా పుచ్చుకోవాలో ఇంకా రాదు.

దెబ్బ ఒక్కటే కాదు. జ్వరం వచ్చినా చప్పుడు చేయకుండా పడుకునే పిల్లలుంటారు, డైపర్ తడిసి ఎంతసేపైనా చెప్పనివాళ్ళుంటారు. కాబట్టి వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే చూస్తుండండి. చిన్నగా ముక్కు చీదినా, కళ్ళు నులుముకున్నా, చెవి పట్టుకున్నా అది అడిగినట్టే లెక్కేసుకుని స్పందించండి. "ఎత్తుకు ఎత్తుకు అలవాటు చేసి పాడుచేస్తున్నారు" అని పక్కింటివాళ్ళంటే ఊరుకోండి. ఈ పిల్లలకి ఆ అలవాటే కావాలి.

అన్నం దగ్గర

శిశుగృహలో తిండి గంట కొట్టినట్టు వస్తుంది, త్వరగా తినాలి, మారు అడగడం ఉండదు. అందుకే కొందరు పిల్లలు నమలకుండా మింగేస్తారు, కడుపు నిండినా ఆపరు, ఇడ్లీ ముక్క దిండు కింద దాస్తారు. దాచిన ముక్క దొరికితే తిట్టవద్దు, నవ్వి అందరికీ చెప్పుకోవద్దు. పాపకి అందే ఎత్తులో ఒక చిన్న డబ్బా పెట్టి, అందులో అరటిపండు ముక్కలో మెత్తని బిస్కెట్లో ఎప్పుడూ ఉండేలా చూడండి. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదని తెలిశాక దాచడం తగ్గుతుంది, కానీ వారాలు పట్టొచ్చు. పెద్ద పెద్ద ముద్దలు మింగుతుంటే గింజలు, పల్లీలు, ద్రాక్షపళ్ళు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా కలిపి చిన్న ముద్దలే పెట్టండి. నమలడం అసలు రాకపోతే డాక్టర్‌కి చెప్పండి.

గోరుముద్దలు తినిపించే అలవాటు మనకున్న గొప్ప సాయం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొహంలోకి చూస్తూ, ముద్దకీ ముద్దకీ మధ్య ఒక మాట. ఫోన్ చూపించి తినిపిస్తే కడుపు నిండుతుంది కానీ పాప కళ్ళు మీమీద ఉండవు. "దానంతట అదే తింటుంది కదా" అనిపించినా, మొదటి నెలల్లో రోజుకి ఒక పూటైనా మీ చేత్తో పెట్టండి. రెండేళ్ళ పిల్లకి పాలు సీసాతోనో గ్లాసుతోనో ఒళ్ళో పడుకోబెట్టి తాగించినా తప్పు లేదు. పసితనంలో దక్కనిది ఇప్పుడు అడిగితే ఇవ్వాలి.

స్నానం, నూనె

వరుసగా నిలబెట్టి చెంబులతో నీళ్ళు పోసిన చోటునుంచి వచ్చిన పిల్ల బాత్‌రూమ్ గుమ్మం దగ్గరే బిగుసుకుపోవచ్చు. తలమీద నీళ్ళు పోయకుండా టబ్బులో కాళ్ళు పెట్టించి ఆడనివ్వండి. నూనె మర్దన చాలా మంచిది, కానీ మొదటి రోజే ఒళ్ళంతా రుద్దితే బెదిరిపోతుంది. అరచేతులు, అరికాళ్ళతో మొదలుపెట్టి, "ఇప్పుడు చెయ్యి రాయనా?" అని అడుగుతూ రాయండి. కాలు వెనక్కి లాక్కుంటే ఆపేయండి. ఆపమంటే ఆగే మనిషి అని పాపకి తెలియాలి.

రాత్రి

పగలు ఏడవని పిల్లలు కొందరు రాత్రి లేచి ఏడుస్తారు. కొందరు చీకట్లో కళ్ళు తెరిచి కదలకుండా పడుకుని ఉంటారు. వేరే గది వద్దు, మీ గదిలోనే మీ చేయి అందేంత దూరంలో పక్క వేయండి. పడుకునే ముందు చేసే పనులు రోజూ ఒకే వరుసలో ఉండాలి: స్నానం, పాలు, లైటు తగ్గించడం, అదే జోల. ఆయా జోల రికార్డు చేసుకున్నారు కదా, మొదటి రోజుల్లో అది వినిపించండి, తర్వాత మీరే పాడండి. గొంతు బాగాలేదని మొహమాటపడకండి.

నిద్రలో ఉలిక్కిపడి లేస్తే గట్టిగా కుదపకుండా, పేరు పెట్టి పిలుస్తూ, "అమ్మ ఇక్కడే ఉంది" అని మళ్ళీ మళ్ళీ చెప్పండి. ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుందిలే అనే పద్ధతి ఈ పిల్లల దగ్గర అస్సలు వద్దు. అది వాళ్ళకి ఇంతకుముందే నేర్పిన పాఠం.

నిద్రకు ముందు ఫొటోలు చూపించే అలవాటు కూడా పెట్టుకోండి. శిశుగృహ, ఆయా, మీరు మొదటిసారి ఎత్తుకున్న రోజు. "ఇక్కడ ఉండేదానివి, మేము వచ్చి తెచ్చుకున్నాం." మాటలు రాని వయసులోనే మొదలుపెడితే దత్తత అన్నది ఏదో ఒకరోజు బయటపడే రహస్యం అవ్వదు, పాపకి ఎప్పుడూ తెలిసిన కథే అవుతుంది.

ఆటలో పాప చెప్పిందే వినండి

రోజుకి రెండుమూడుసార్లు ఓ పావుగంట చాలు. నేలమీద కూర్చోండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. పాప గిన్నె మీద గరిటె కొడితే మీరూ కొట్టండి. ఆపితే ఆపండి. "ఇది ఏ రంగు? చెప్పు చెప్పు" అని పాఠాలు వద్దు. వెనకబడిందేమోనన్న టెన్షన్‌తో చాలామంది తల్లిదండ్రులు ఆటని పరీక్షగా మార్చేస్తారు. తను చేసిన పనికి ఒక మనిషి నుంచి జవాబు వస్తోందని గ్రహించడమే పాపకి ఇప్పుడు పెద్ద చదువు, మాటలు కూడా అందులోంచే వస్తాయి. దాగుడుమూతలు బాగా పనికొస్తాయి. కర్టెన్ వెనక క్షణం సేపు దాక్కుని మళ్ళీ కనిపించండి. కనిపించని మనిషి తిరిగొస్తుందని నవ్వుతూ నేర్చుకుంటుంది. ఉప్పుమూట ఆడించండి.

కోపం, కొరకడం, మొండితనం

కొన్ని నెలలకి బుద్ధిమంతురాలు కాస్తా వస్తువులు విసురుతుంది, కొరుకుతుంది, నేలమీద పడి దొర్లుతుంది. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు ఇక్కడే బెంగపెట్టుకుంటారు. నిజానికి మీ దగ్గర కోపం చూపించొచ్చన్న ధైర్యం వచ్చిందన్నమాట.

కొట్టొద్దు. గదిలో పెట్టి తలుపేయొద్దు. మన నోట అలవోకగా వచ్చే బెదిరింపులు కొన్ని ఉన్నాయి: బూచాడికి పట్టిస్తా, పోలీసుకి ఇచ్చేస్తా, నిన్ను వదిలేసి వెళ్ళిపోతా. మామూలు పిల్లలకే ఇవి మంచివి కావు, ఒకసారి నిజంగానే వదిలేయబడ్డ పిల్లకి అసలు అనకూడదు. "అక్కడికే పంపించేస్తా" అన్న మాట ఎంత కోపంలోనూ, ఎంత సరదాకీ నోట రాకూడదు. తాతయ్యకీ, పనమ్మాయికీ కూడా ఇది ముందే చెప్పి ఉంచండి.

మరేం చేయాలి? పాపని పక్కకి తీసుకెళ్ళి మీరూ పక్కనే కూర్చోండి. "కోపం వచ్చింది కదా. కొరకనివ్వను, నొప్పి పుడుతుంది. నీ దగ్గరే ఉంటా." చిన్న మాటలు, తగ్గించిన గొంతు. తుఫాను తగ్గాక నీళ్ళు తాగించి ఎత్తుకోండి.

మీకూ సహనం పోతుంది, ఒకరోజు అరుస్తారు. అప్పుడు సర్దుకోవడం ఎలాగో తెలిసుండాలి. కాసేపటికి పాప దగ్గర కూర్చుని, "అమ్మ గట్టిగా అరిచింది, భయమేసిందా? తప్పు అమ్మది" అనండి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే పరిశోధకుడు తల్లీబిడ్డల ఆటల్ని వీడియో తీసి క్షణక్షణం గమనించారు. చక్కగా ఉన్న జంటల్లో కూడా ఇద్దరి మనసూ ఒకే తీరులో ఉండేది దాదాపు మూడో వంతు సమయమే అని ఆయనకి తేలింది. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. ఆ కలుసుకోవడంలోనే నమ్మకం పెరుగుతుంది.

ఆఫీసు, ప్లేస్కూల్

దొరికినంత సెలవు పెట్టండి. ఇద్దరూ ఒకేసారి వాడేయకుండా ఒకరి తర్వాత ఒకరు పెడితే పాపకి ఎక్కువ కాలం మీలో ఒకరు దొరుకుతారు. ప్లేస్కూల్‌కి తొందర వద్దు. బోలెడంత మంది పిల్లలు, యూనిఫాం వేసుకున్న టీచర్లు, వరుసగా చాపలు చూస్తే పాపకి ఏది గుర్తొస్తుందో ఆలోచించండి. బయటికి వెళ్ళేటప్పుడు దొంగచాటుగా జారుకోకండి. "ఆఫీసుకి వెళ్తున్నా, నువ్వు పాలు తాగేసరికి వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళండి, అన్నవేళకి రండి. మీ దుపట్టా పాప దగ్గర ఉంచండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఎవరికోసం ఏడవాలో తెలిసినందుకే ఆ ఏడుపు.

ఫోస్టర్ బిడ్డ అయితే

మన దగ్గర ఫోస్టర్ కేర్ ఎక్కువగా ఆరేళ్ళు దాటిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్ళు సాధారణంగా దత్తతకు ముందు దశ అయిన ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద వస్తారు. ఏదైనా సరే, "రేపు వెళ్ళిపోతే తట్టుకోలేను" అని మనసు దాచుకుని పెంచకండి. ఒకరిని నమ్మడం వచ్చిన బిడ్డ ఇంకొకరిని నమ్మగలదు. అసలు తల్లిదండ్రుల గురించి చెడుగా మాట్లాడకండి. బిడ్డ వెళ్ళాల్సి వస్తే ఒక్కరోజులో పంపేయకుండా ముందు కలుసుకోవడాలు, ఫోన్ మాటలు ఏర్పాటు చేయమని జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని గట్టిగా అడగండి. తినే తిండి, పాడే జోల, భయపడే విషయాలు ఒక నోట్‌బుక్‌లో రాసి అవతలివాళ్ళకి ఇవ్వండి.

మీ సంగతి

బిడ్డని చూడగానే ప్రేమ పొంగుకురావాలని రూలేమీ లేదు. కొందరికి రోజూ చేసే పనుల్లోంచే నెలల మీద వస్తుంది. అందాకా తినిపించండి, ఎత్తుకోండి, పాడండి. పాపకి కావాల్సింది ప్రస్తుతానికి అదే. ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్నాక కూడా దిగులు, ఏడుపు, నిద్ర పట్టకపోవడం వచ్చే తల్లిదండ్రులున్నారు. సిగ్గుపడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాప కళ్ళలోకి ఎప్పుడూ చూడకపోయినా, పిలిస్తే పలకకపోయినా, గంటల తరబడి ఊగుతూ ఉన్నా, నెలలు గడిచినా ఎవరి దగ్గరా ఓదార్పు తీసుకోకపోయినా ఆగకుండా పిల్లల డాక్టర్‌ని కలవండి. పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా కనిపెట్టడానికి జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డైక్ (డీఈఐసీ) కేంద్రాల్లో వినికిడి, మాట, ఎదుగుదల పరీక్షలు ఉచితంగా చేస్తారు. వినికిడి పరీక్ష ముందుగా చేయించండి. వినపడకపోవడాన్ని మనం బెదురుగానో మొండితనంగానో పొరబడే అవకాశం ఉంది.

బిడ్డ ఇంటికొచ్చిన నాటినుంచి రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ ఫాలో అప్ కోసం వస్తారు. ఇల్లు సర్ది, పాపకి కొత్త గౌను తొడిగి, "అంతా బాగుంది మేడమ్" అని టీ ఇచ్చి పంపేస్తుంటారు చాలామంది, బిడ్డని వెనక్కి తీసుకుపోతారేమోనన్న భయంతో. అంతకుముందు వారమే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది, అన్నం ఎలా తింటోంది, దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వెళ్తోంది, మీకు ఎక్కడ చేతకావడం లేదు. అది చూసి అడగండి, దగ్గరలో ఉన్న కౌన్సెలర్ పేరు, మీలాగే దత్తత తీసుకున్న మరో కుటుంబంతో కలిపించే వీలు ఉందేమో అడగండి. ఆవిడ వెళ్ళేలోపు వచ్చేసారి ఏం చూసుకోవాలో కూడా రాయించుకోండి.